కొస మడత

గుండెకు బుద్ధి లేదు. ఒంట్లో అదొక్కటి తప్ప మిగతావన్నీ ఇవాళ బుద్ధిగానే ఉన్నాయి. బీపీ బాగుంది, జ్వరం లేదు, వేలికి తగిలించిన క్లిప్పు కూడా వంక పెట్టలేదు. నాడి మాత్రం నూట ఇరవై ఆరు. నూట పది దాటితే విషవాయువులోకి వెళ్ళే సూటు వేసుకోనివ్వరు, కెప్టెన్‌కైనా నిన్న చేరినవాడికైనా గీత ఒక్కటే. "కాసేపు కూర్చో వదినా, మళ్ళీ చూస్తాను. అప్పటికీ దిగకపోతే నన్నేమీ అనకూడదు," అంది నర్సు. ఇంట్లో ఆ నర్సు అందరికీ చిట్టి, మొగుడి ముద్దుల చెల్లెలు, నిన్న సాయంత్రం ఈమె చేతనే జడ వేయించుకున్న పిల్ల. ఇక్కడ మాత్రం తెల్లకోటు తొడుక్కుని, కనుబొమలు ముడిచి, ఎవరో తెలియనట్టు చెయ్యి పట్టుకుని గడియారం చూసింది. ఆడపడుచు అర్ధమొగుడని పెద్దలు ఊరికే అనలేదు. పోయి పోయి ఈ నెలలోనే దీన్ని మా అగ్నిమాపక దళానికి వేయాలా అనుకుంటూ ఆమె మడత కుర్చీలో కూలబడింది, తను కూలబడితే గుండె కూడా కూలబడుతుందేమోనన్న ఆశతో. అదేమీ కూలబడలేదు. చెవుల్లో దరువేస్తూనే ఉంది.

ఇది భయం కాదే పిచ్చిదానా అని చిట్టితో చెప్పాలనిపించింది. చెప్పి ఏం లాభం, యంత్రానికి భయమైనా సంతోషమైనా ఒకటే అంకె. సంతోషం, అవును, పట్టలేని సంతోషం, పెళ్ళిచూపుల్లో కూడా ఇంత లేదు! రోడ్డుకు అడ్డంగా కట్టిన పసుపు రిబ్బను అవతల కోల్డ్ స్టోరేజీ పొడుగాటి తెల్లగోడ, ఆ గోడ వెనక కంప్రెసర్ గది, ఆ గదిలో పైపు అతుకు దగ్గర అమ్మోనియా సన్నగా కారుతోంది. పనివాళ్ళు పొద్దున్నే బయటపడ్డారు, చుట్టుపక్కల ఇళ్ళు ఖాళీ చేయించారు, లోపల మనిషన్నవాడు లేడు. గాలి అటునుంచి అటే పోతోంది కాబట్టి ఇక్కడ ముక్కుకు ఏమీ తగలడం లేదు, స్తంభానికి కట్టిన గుడ్డపేలిక అటువైపే రెపరెపలాడుతోంది. ఇద్దరు వెళ్ళాలి, వాల్వు తిప్పాలి, రావాలి. ఆ ఇద్దరిలో ఒకరు తను. ఇన్నేళ్ళకు తను! పొద్దున కూతురికి బూటు లేసు కడుతుంటే, "అమ్మా, ఇవాళ కూడా సబ్బుపనేనా?" అని అడిగింది. అవునో కాదో చెప్పేలోపే ఫోను మోగింది, కెప్టెన్ గొంతు, "ఇవాళ లోపలికి నువ్వూ మన రాయీ," అని. ఒక బూటు తను కట్టింది, రెండోది మొగుడు కట్టాడు, ఆ రెండోది ఖాయంగా బడి గేటు దగ్గరే ఊడి ఉంటుంది. ఆ మనిషికి ముడి వేయడం ఎప్పుడు వచ్చింది గనుక, మెడలో వేసినవి మూడూ తప్ప. నవ్వొచ్చింది. నవ్వకు, నవ్వితే ఎక్కుతుంది.

సబ్బుపని. తప్పేముంది, అది నిజంగా సబ్బుపనే. లోపలికి వెళ్ళొచ్చినవాళ్ళను సూటుతో సహా ప్లాస్టిక్ తొట్టిలో నిలబెట్టి, సబ్బునీళ్ళతో నెత్తినుంచి అరికాలిదాకా తోమి, టేపులు లాగి, పొర తరువాత పొర వలిచి మనిషిని బయటికి తీసే చోటు అది. దళంలో ఎవరో ఎప్పుడో దానికి రేవు అని పేరు పెట్టారు, అదే నిలిచిపోయింది. ఆ రేవులో ఆమె బ్రష్షు పట్టి ఎంతమందిని తోమిందో! సూటులోపల ఉన్నది ఎవరో మొహం చూడకుండానే చెప్పగలదు, చేతులు ఎత్తమంటే ఎత్తే తీరును బట్టి, అరికాలు తోముతుంటే భుజం మీద వేసే బరువును బట్టి. కొందరు బయటికి రాగానే వాగుతారు, కొందరు ఏడుస్తారు, ఒకడైతే ప్రతిసారీ ఆకలేస్తోందంటాడు. వాళ్ళ కళ్ళలో మాత్రం ఒకటి కనిపిస్తుంది, అందరిలోనూ, లోపలినుంచి తెచ్చుకున్న ఒక వెలుగు. అది చూసినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండేది. మండేది అంటే అసూయ, దాచుకోవడమెందుకు. అన్నం వండి వడ్డించి తను తినకుండా చెయ్యి కడుక్కున్నట్టు ఉండేది.

ఆలోచించకు. ఎక్కాలు చెప్పుకో. అది రాయి చెప్పిన చిట్కా, పదిహేడో ఎక్కం వెనకనుంచి చెప్పుకుంటే ఎంతటి గుండె అయినా విసుగెత్తి నిద్రపోతుందట. రాయి అంటే ఇవాళ ఆమెకు జత, యాభై దాటిన మనిషి, దళంలో అందరికన్నా ఎక్కువసార్లు లోపలికి వెళ్ళొచ్చినవాడు. ఆయన నాడి ఎప్పుడు చూసినా యాభై దగ్గర మేకు కొట్టినట్టు నిలబడి ఉంటుంది కాబట్టి ఆ పేరు. సరే, పదిహేడు పదులు నూట డెబ్బై, తొమ్మిదులు నూట యాభై మూడు, ఎనిమిదులు నూట ముప్పై ఆరు, ఏడులు నూట పంతొమ్మిది, హమ్మయ్య, దిగుతోంది, ఆరులు నూట రెండు! అక్కడ ఆగు, ఆగవే తల్లీ, నూట రెండు చాలు, చిట్టీ పరిగెత్తుకు రా! కానీ అది ఎక్కం, గుండె కాదు. లెక్కల పంతులు చెవి మెలిపెట్టింది కూడా ఈ పదిహేడో ఎక్కం దగ్గరే, ఆ కోపానికి నాడి ఇంకో రెండు మెట్లు ఎక్కి ఉంటుంది. విసుగు పుట్టించేది ఇంకేదైనా కావాలి. కరెంటు బిల్లు క్యూ. అత్తగారి మోకాలినొప్పి కథ, అది మొదలుపెడితే మోకాలి పుట్టుక దగ్గరనుంచి చెబుతుంది. పాపం అత్తగారు. రెండేళ్ళు వరసగా ఆరోగ్య పరీక్షలో రక్తం తక్కువని ఈమెను పక్కన పెట్టినప్పుడు, డాక్టర్ల కన్నా ఎక్కువగా కదిలింది ఆవిడే. రోజూ ఆకుకూర, రోజూ ఖర్జూరం, తినకపోతే ఎదురుగా కూర్చుని తన మోకాలి కథ చెబుతానని బెదిరింపు. మూడో ఏడు పుట్టెడు ఆకుకూర రక్తమై నిలబడింది.

నెల కిందటే కదా ఆ పరీక్ష. ఆసుపత్రి మూడో అంతస్తు, పొడుగాటి వరండా, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పచ్చగౌనులో నడవడం. గాజుపెట్టెలో కూర్చోబెట్టి చెవుల్లో కీచుమని వినిపించారు, వినపడితే బొత్తాం నొక్కాలి. ఆమె ఆత్రంకొద్దీ వినపడకముందే నొక్కింది, పెట్టె బయట కూర్చున్న కుర్రది నవ్వి మళ్ళీ మొదలుపెట్టింది. గొట్టంలోకి ఊదమన్నారు, "ఊదండి ఊదండి ఊదండి, ఇంకా ఇంకా ఇంకా," అని టెక్నీషియన్ పురుడు పోస్తున్న మంత్రసానిలా అరిచాడు. వీపున బరువు కట్టుకుని మెట్లు ఎక్కింది. కళ్ళు, చర్మం, కాలేయం, మూత్రం, ఒంట్లో తనకు తెలియని మూలలన్నీ ఎవరో దీపం పట్టుకుని చూసినట్టయింది. చివరికి ముసుగు పరీక్ష, మొహానికి ముసుగు బిగించి, దానిమీద సంచిలాంటి టోపీ దించి, ఆ టోపీలోకి చేదు మందు పొగలా చిమ్ముతారు. ముసుగు మొహానికి అతకకపోతే నాలుకకు చేదు తగులుతుంది. తల అటు తిప్పమన్నారు, ఇటు తిప్పమన్నారు, గట్టిగా చదవమని ఏదో కాగితం ఇచ్చారు. నాలుకకు ఏమీ తగలలేదు. ఏమీ తగలకపోవడం ఇంత తియ్యగా ఉంటుందని ఆమెకు అంతవరకూ తెలియదు. డాక్టరు కళ్ళజోడు తీసి, "ఈసారి వెళ్ళొచ్చమ్మా లోపలికి," అంటే, థాంక్యూ అనబోయి నమస్కారం పెట్టబోయి రెండూ కలిసి ఏదో చేసింది, చెయ్యి తగిలి టేబుల్ మీద ఎవరిదో మూత్రం సీసా జారి కిందకు దొర్లింది. మూత గట్టిది, బతికించింది.

"ఇంకా దిగలేదా?" కెప్టెన్ వచ్చి నిలబడ్డాడు. కంగారు లేదన్నాడు, కారడం మెల్లగానే ఉందట, పక్క స్టేషను బండి కూడా దారిలో ఉందట. ఆ రెండో మాట ఊరికే అన్నది కాదని ఆమెకు తెలుసు. సూట్లు వేసుకుని కాపలాగా నిలబడ్డ రెండో జతను కదపకూడదు, లోపలివాళ్ళకు ఏదైనా అయితే లాక్కొచ్చేది వాళ్ళే. కాబట్టి ఆమె నాడి దిగకపోతే పక్క స్టేషనువాళ్ళు లోపలికి వెళ్తారు. ఆమె బ్రష్షు పట్టుకుంటుంది. "దిగుతుంది సార్, దిగుతోంది," అంది. కెప్టెన్ గడ్డం రుద్దుకుంటూ వెళ్ళిపోయాడు. గడ్డమంటే గడ్డం లేదు, ముసుగు అతకదని ఈ దళంలో ఎవరూ పెంచరు, అలవాటుకొద్దీ రుద్దుకుంటాడు.

దిగవే. నీకు దండం పెడతాను, దిగవే. రేవులో అయితే ఎంత బుద్ధిగా ఉంటావు! చిట్టి వచ్చిన కొత్తలో, సరదాకి, ఎవరికో టేపు లాగుతుండగా ఈమె నాడి చూసింది. "ఏంటి వదినా, నిద్రపోతున్నావా?" అంది. అవతలి మనిషి ఒగరుస్తుంటే, ముసుగు తీయండి తీయండని సైగలు చేస్తుంటే, ఆగు, ముందు చేతులు, ఆగు, ఇప్పుడు కాళ్ళు, అని చెబుతూ ఆమె అంత నిదానంగా ఉండేది. టేపులు మాత్రం విసిగించేవి. మణికట్ల దగ్గర, చీలమండల దగ్గర సందు లేకుండా చుట్టుకుంటారా, తడిశాక ఆ కొస ఎక్కడుందో దేవుడికే తెలియదు, రెండు పొరల గ్లవుజుల్లోంచి గీకి గీకి ఈమె వేళ్ళు పడిపోయేవి. రాయి ఒక్కడే వేరు. ఆయన టేపు చుట్టాక కొస లోపలికి మడిచి చిటికెడు మేర చెవిలా వదిలేస్తాడు. పట్టుకుని లాగితే సర్రున వచ్చేస్తుంది. ఎవరు నేర్పారన్నా అంటే, "ఎవరూ నేర్పలేదు తల్లీ. అవతల నాకోసం ఒక మనిషి నిలబడి ఉంటుందని తెలుసు, అంతే," అన్నాడు. ఆ మాట విన్న రోజు ఆమె ఇంటికి వెళ్ళి మొగుడికి రెండుసార్లు చెప్పింది.

ఆయనను చూస్తే గుండె కుదుటపడుతుందేమో. ఆయన బండి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, సూటు మెడదాకా ఎక్కించి, మణికట్లకు టేపు చుట్టుకుంటూ. నిదానంగా చుడుతున్నాడు, ఎప్పుడూ నిదానమే. ఇవాళ ఆయనకు నాడి చూస్తుంటే కూడా ఎవరో అన్నారు, రాయికి నాడి చూడటం ఎందుకమ్మా, గోడకు చూడు, అని. ఎప్పుడూ ఉండే హాస్యమే, అందరూ నవ్వారు, ఈమె కూడా నవ్వింది, చిట్టి కూడా పెదవి బిగించి నవ్వింది. ఆ నవ్వులోనే చిట్టి అంకె చెప్పింది. ఎంత? ఎనభై నాలుగు. మంచి నాడి, ఎవరికైనా మంచి నాడి. పక్కన ఎవరో సరే అన్నారు, ఆయన మెట్టు మీదికి వెళ్ళిపోయాడు, ఆ తరువాత ఈమె కూర్చుంది, ఈమె నూట ఇరవై ఆరు విని ఎనభై నాలుగు అందరూ మరిచిపోయారు. ఎడమ చేతికి చుట్టడం అయింది. ఆయన టేపు తుంచి, కొసను బొటనవేలితో నొక్కి అతికించాడు. నున్నగా. కుడిచెయ్యి మొదలుపెట్టాడు. అది కూడా నున్నగా.

కొస మడవలేదు.

మరిచిపోయాడు, మనిషన్నాక మరిచిపోడా. ఇవాళ రేవులో ఉండేది తను కాదుగా, అందుకే మడవలేదేమో. ఛ, ఆయన మడిచేది తనకోసం కాదు, అవతల ఎవరుంటే వాళ్ళకోసం. ఎనభై నాలుగు. పరుగెత్తి వచ్చినా అరవై దాటని మనిషికి కూర్చుంటే ఎనభై నాలుగా? మంచినీళ్ళ సీసా పక్కనే ఉంది, మూత తీయలేదు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి, నుదుటి మీద చెమట ఉంది, ఈ నీడలో, ఈ గాలిలో. రేవులో నిలబడ్డప్పుడు కనిపించేదంతా ఇప్పుడు మడత కుర్చీలోంచి కనిపిస్తోంది. వద్దు, చూడకు, నీ గుండె సంగతి చూసుకో. చెబితే ఏమవుతుంది? ఆయనను ఆపేస్తారు. తొలిసారి వెళ్ళేవాళ్ళకు పక్కన పాతకాపు ఉండాలి, అది పద్ధతి, ఇక్కడున్న పాతకాపు ఆయనే. పక్క స్టేషను బండి వస్తుంది, వాళ్ళ జత వెళ్తుంది, ఈమె సబ్బు కలుపుతుంది. ఏమీ లేకపోతే? ఏమీ లేని దానికి నోటికాడి కూడు తన్నేసుకున్నట్టు అవుతుంది, పైగా ఆయన ముందు తలెత్తుకోలేదు. ఉంటే? లోపల, ఆ సూటులో, వీపున సిలిండరుతో, వాల్వు చక్రం మీద ఒరిగిపోతే? మూడేళ్ళ ఆకుకూర, ఆ వరండాలు, ఆ గొట్టం, కూతురి ఒక బూటు, అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. ఏడుపొచ్చింది, నిజంగా ఏడుపొచ్చింది, ఇవాళ కాకపోతే ఏం పోయింది అన్నా, ఇవాళే ఎందుకు మరిచిపోయావు.

చిట్టి వచ్చింది. ముందు మోకాళ్ళ మీద కూర్చుని మణికట్టు పట్టుకుంది, గడియారం వైపు చూసింది. ఆమె ఆగలేకపోయింది. గొంతు తగ్గించి, రేవులో మాట్లాడినట్టే ఒక్కో మాటా అందించింది.

"చిట్టీ, రాయన్న నాడి ఎప్పుడూ యాభయ్యే. ఇవాళ ఎనభై నాలుగు చెప్పావు. మేమంతా నవ్వుతుంటే దాటిపోయింది. నీళ్ళు ముట్టుకోలేదు, చెమట చూడు, టేపు కొస మడవలేదు. ముందు ఆయన్ని చూడు. నన్ను వదిలెయ్."

చిట్టి వేళ్ళు మణికట్టు మీదే ఉన్నాయి. కళ్ళు మాత్రం బండి మెట్టు మీదికి వెళ్ళాయి. "నేను కూడా నవ్వాను వదినా," అంది. ఇంకాసేపు అలాగే పట్టుకుని, ఒక్కసారిగా లేచి పరిగెత్తింది.

ఆ తరువాత అన్నీ చకచకా జరిగాయి. టేపు కోసేశారు, సూటు దించారు, చొక్కా విప్పారు, గుండె మీద వైర్లు అతికించారు, యంత్రంలోంచి కాగితం చీలికలా వచ్చింది, చిట్టి ఆ కాగితం చూసిన చూపులో ఇంటి చిట్టి ఎక్కడా లేదు. "ఏదో గ్యాసు," అంటున్నాడు రాయి. "గ్యాసు లీకయ్యే చోట గ్యాసు కాక ఇంకేముంటుందమ్మా." ఎవరూ నవ్వలేదు. మాత్ర నమలమని ఇచ్చారు, స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. ఆమె పక్కకు వెళ్ళి నిలబడితే ఆయన కోపంగా చూశాడు, చూసి చూసి ఆ కోపం కాస్తా కరిగింది.

"నామీద చెప్పేశావా తల్లీ?"

"చెప్పేశానన్నా."

"పొద్దుట్నుంచీ ఎడమ భుజం లాగుతోంది. నీది తొలిసారి కదా, నేను తప్పుకుంటే నీకు పోతుందని..." ఆమె ఆయన చెయ్యి పట్టుకుని, బుద్ధుందా నీకు అని తిట్టింది, తండ్రంతటి మనిషిని పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా తిట్టింది. అంబులెన్సు తలుపులు మూస్తుంటే ఆయన చెయ్యి పైకెత్తి బొటనవేలూ చూపుడువేలూ కలిపి చిన్నగా మడిచి చూపించాడు. ఆమెకు తప్ప అది ఎవరికీ అర్థం కాలేదు. చిట్టి ఆసుపత్రికి ఫోనులో అంకెలు చెబుతూ, చివర్లో, "అవును సార్, టైముకే దొరికింది," అనడం వినపడింది.

అప్పటికే పక్క స్టేషను బండి వచ్చి నిలబడింది. వాళ్ళ పెద్దాయన దిగాడు, కెప్టెన్‌తో ఏదో మాట్లాడాడు. ఆమె రేవు వైపు నడిచింది, ఎవరూ చెప్పకుండానే. తొట్లు ఉన్నాయి, బ్రష్షులు ఉన్నాయి. సబ్బు డబ్బా మూత తిప్పుతోంది. పోనీలే, మనిషి దక్కాడు, పోనీలే అనుకుంటోంది, సగం నిజంగానే అనుకుంటోంది.

"అదెక్కడికి వదినా?" చిట్టి వెనకనుంచి అరిచింది. "నీ అంకె వినకుండానే?"

"ఎంత?"

"ఎనభై ఎనిమిది. రాయన్న గురించి చెబుతున్నంతసేపూ లెక్కపెట్టాను. రేవులో ఎలా ఉంటావో అలాగే ఉంది." కెప్టెన్ అప్పటికే చొక్కా చేతులు మడుస్తున్నాడు. ఇక్కడి పెత్తనం పక్క స్టేషను పెద్దాయనకు అప్పగించాడట, పాతకాపు కావాలంటే తను లేడా అట, ఆ రకం వాల్వు మీద నెలనుంచి తర్ఫీదు పొందింది ఈమేనట. ఆ మాటలన్నీ చెవిలో పడుతున్నాయి, ఒక్కటీ మెదడుకు చేరడం లేదు. చిట్టి కెప్టెన్ చెయ్యి కూడా పట్టుకుంది, ఈసారి గోడ హాస్యం ఎవరూ ఆడలేదు. "నూట ఎనిమిది కెప్టెన్ గారూ. మీకెప్పుడూ ఇంతేనా?" లోపలికి వెళ్ళే ముందు ఎప్పుడూ ఇంతేనట, పెళ్ళాం కూడా తిడుతుందట. చిట్టి అయినా ఊరుకోలేదు, ఆఫీసుకు ఫోను చేసి పాత అంకెలు చదివించుకుని, అప్పుడు వదిలింది.

సూటు ఎక్కించారు. సిలిండరు వీపున కూర్చుంది. మొహానికి ముసుగు అతికింది, నాలుక మీద ఏ చేదూ లేదు. టేపు తనే చుట్టుకుంది, ఎడమ చేతికి, కుడి చేతికి, తుంచింది, కొస లోపలికి మడిచి చిటికెడు చెవి వదిలింది. రేవులో పక్క స్టేషనువాళ్ళ కొత్తపిల్ల ఎవరో బ్రష్షు పట్టుకుని బెదురుగా నిలబడి ఉంది. ఆ పిల్లకు దొరుకుతుంది. కెప్టెన్‌కు కూడా మడిచి పెట్టింది. ఆయన ఏంటిదన్నట్టు చూశాడు, వచ్చాక చెబుతానని చెయ్యి ఊపింది.

పసుపు రిబ్బను ఎత్తారు, దాటారు. తెల్లగోడ దగ్గరికొస్తోంది, కంప్రెసర్ గది తలుపు, దానికో ఇనుప గడియ, గడియ మీద తన గ్లవుజు చెయ్యి. లోపల తెల్లటి పొగమంచు నేలమీద పాకుతోంది, దాని మధ్య ఎర్రటి వాల్వు చక్రం. ముసుగులో తన ఊపిరి తనకే పెద్దగా వినపడుతోంది, ఆ ఊపిరి వెనక మళ్ళీ మొదలైంది అది, దబదబా, దబదబా, ఎక్కాలకు లొంగనిది, అత్తగారి మోకాలికి లొంగనిది. ఇప్పుడు మణికట్టు మీద ఎవరి వేళ్ళూ లేవు. ఆమె నవ్వింది, ముసుగు అద్దం మసకబారేలా నవ్వింది.

పరిగెత్తుకోవే తల్లీ, ఇక నీ ఇష్టం, అని గుండెతో చెప్పి, చక్రం మీద రెండు చేతులూ వేసింది.